పాత పికప్‌కు ఫిట్‌నెస్: పుట్టీ పెట్టకముందే ఛాసిస్ నంబరు చూసుకోండి

పరకాల, నర్సంపేట వైపు చాలామంది పాత పికప్‌ను తక్కువ ధరకు కొని, షెడ్డులో బాగు చేయించి, మిర్చి సీజన్ నాటికి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తిప్పుకోవాలనుకుంటారు. ఇంజిన్ పని, కమాన్ పట్టీలు, టింకరింగ్, రంగు అంటూ చేతిలో ఉన్నదంతా బండికే పెడతారు. తీరా బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసే ఫిట్‌నెస్ తనిఖీకి తీసుకెళితే కొత్త రంగుతో మెరుస్తున్న బండి వెనక్కి వస్తుంది. గేటు బయట దళారి కాచుకుని ఉంటాడు. అలా తిరిగొచ్చినవారిని చూశాక ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక భయం తీరాలి. పదిహేనేళ్లు దాటినంత మాత్రాన మీ బండి తుక్కు కాదు. ఢిల్లీలో పాత డీజిల్ వాహనాలపై ఉన్న ఆంక్షలు వరంగల్‌లో వర్తించవు. ఇక్కడ ఫిట్‌నెస్ వస్తే బండి తిరుగుతుంది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, వయసు పెరిగేకొద్దీ రుసుమూ పెరుగుతుంది. గడువు దాటితే రోజుకు 50 రూపాయల అదనపు రుసుము కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. ఏడాది పాటు చెట్టు కింద నిలిచిన బండికి అదొక్కటే 18,250 రూపాయలు. కాబట్టి బయానా ఇవ్వకముందే రవాణా శాఖ పోర్టల్‌లో బండి నంబరు కొట్టి, పన్ను బకాయి, చలాన్లు, ఫిట్‌నెస్ గడువు చూసి, ఆ మొత్తం తీసేసి ధర మాట్లాడండి.

ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే, అప్పు ఎప్పుడో తీరిందన్న నోటి మాట చాలదు. అప్పు తీరిందని ఫైనాన్స్ వారు సంతకం చేసిన ఫారం 35, నిరభ్యంతర పత్రం అమ్మేవారే తెచ్చివ్వాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద వారి సంతకాలు మీ కళ్ల ముందే పెట్టించుకోండి.

ఫిట్‌నెస్ దరఖాస్తు కష్టమైనది కాదు. ఆన్‌లైన్‌లో రుసుము కట్టి స్లాట్ తీసుకోవడం, ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, పన్ను రసీదుతో బండిని తీసుకెళ్లడం. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని బండికి పర్మిట్ అక్కర్లేదు. మించితే అదీ ఉండాలి.

అసలు చిక్కు ఛాసిస్ నంబరు దగ్గర వస్తుంది. చాలా పికప్‌లలో అది కుడివైపు ముందు చక్రం దగ్గర, ఛాసిస్ పట్టీ మీదే గుద్ది ఉంటుంది. బురద, తుప్పు పేరుకునేది సరిగ్గా అక్కడే. టింకరింగ్ చేసే మనిషికి అది తుప్పు పట్టిన ఇనుములాగే కనిపిస్తుంది. గ్రైండర్ ఆడిస్తాడు, పైన పట్టీ వేసి వెల్డింగ్ కొడతాడు, పుట్టీ పెట్టి రంగు కొడతాడు. పని శుభ్రంగానే ఉంటుంది, నంబరు మాత్రం పోతుంది. తనిఖీ అధికారి టార్చి వేసి వెతికేది దాన్నే. కనిపించకపోతే అది దొంగ బండి కాదని మీరు నిరూపించుకోవాల్సి వస్తుంది.

అందుకే బండి షెడ్డులోకి వెళ్లకముందే ఆ చోటును కిరోసిన్ గుడ్డతో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తుడవండి. పల్చటి కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి. దాన్ని ఆర్‌సీతో ఒక్కో అక్షరం సరిచూడండి. చాలా బండ్లకు అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 17 ఉంటాయి. ఈ నంబర్లలో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ఆర్‌సీలో ఓ కనిపిస్తే సున్నాను తప్పుగా ఎక్కించారన్నమాట, ముందు దాన్ని దిద్దించుకోవాలి. తర్వాత ఆ చోట గ్రీజు రాసి, టేపు అంటించి, దాన్ని ముట్టుకోవద్దని మేస్త్రీకి గట్టిగా చెప్పండి.

నంబరు ఇప్పటికే చెరిగిపోయి ఉంటే, షెడ్డులోనే మళ్లీ గుద్దిస్తామని ఎవరన్నా ఒప్పుకోకండి. అది నేరం కిందికి వస్తుంది, ఇరుక్కునేది మీరే. కారణం రాసి రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. నంబరు చెరగకముందు తీసిన పెన్సిల్ ప్రింటు ఉంటే అదీ, బీమా కాగితాలూ జతచేయండి. బండి చోరీ కేసులో లేదని పోలీసుల పత్రం తెమ్మని అధికారులు అడగవచ్చు. రాతపూర్వక అనుమతి వచ్చాకే గుద్దించాలి. ఆలస్యమవుతుంది, కానీ దారి ఉంది.

మిగతా తనిఖీలో బ్రేకులు, హ్యాండ్ బ్రేకు, లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హారన్, టైర్లు చూస్తారు. ముందు తెలుపు, వెనుక ఎరుపు రిఫ్లెక్టర్ టేపు ఉండాలి. డబ్బు తక్కువైతే రంగు ఆపి, ముందు బ్రేకుల పని చేయించండి. రంగు వెలిసినా పర్వాలేదు, బ్రేకు సరిగా పడకపోతే తనిఖీలోనే బండి ఆగిపోతుంది.

ఫిట్‌నెస్ నిరాకరిస్తే కారణాలు రాసివ్వాలని మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ చెబుతోంది. బండి ఫెయిలైందని, డబ్బిస్తే చూసుకుంటామని బయటివారు చెబితే నమ్మకండి. లోపలికి వెళ్లి ఆ కాగితం అడగండి. అందులో రాసిన లోపాలు సరిచేయించి మళ్లీ స్లాట్ తీసుకోండి.