ఒక ఏడాది సంగతులను మన ఊరి నుంచి రాయడం ఎలా: 1953, కర్నూలు

ఒక ఏడాదిలో వచ్చిన వార్తలను, ఆడిన సినిమాలను, జనం చెప్పుకున్న సంగతులను ఒకచోట కూర్చదలచినవారు ముందుగా ఏ ఊరి నుంచి చూస్తున్నామో నిర్ణయించుకోవాలి. కర్నూలు నుంచి రాసేవారికి 1953ను మించిన ఏడాది లేదని నా అభిప్రాయం. ఆ అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు దానికి రాజధాని అయింది; నెహ్రూ స్వయంగా వచ్చి ప్రారంభించగా, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా, అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రిగా పాలన చేపట్టారు. భవనాలు చాలక కార్యాలయాలను డేరాల్లో నడిపారు.

ఇంత పెద్ద ఘటనకు కారణాలు అంతకుముందే ఉంటాయి. పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం 1952 డిసెంబరులో జరిగింది. రాయలసీమ కోరికలకు ఆధారమైన శ్రీబాగ్ ఒడంబడిక, అంటే కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న ఒప్పందం, 1937 నాటిది. వీటిని ఒకటి రెండు వాక్యాలలో చెప్పి, మళ్లీ 1953లోకి రావాలి.

తేదీల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇళ్లలో దొరికే పాత శుభలేఖల మీద ఇంగ్లీషు సంవత్సరం లేకుండా ‘నందన నామ సంవత్సర మాఘమాసం’ అని మాత్రమే ఉండవచ్చు. నందన 1952 ఉగాదితో మొదలైంది కనుక ఆ పెళ్లి 1952లో జరిగిందని రాస్తే తప్పవుతుంది, ఎందుకంటే ఆ మాఘమాసం 1953 ఆరంభంలో వచ్చింది. ఆ ఏడు ఉగాది నుంచి విజయ నామ సంవత్సరం. పంచాంగం పక్కన పెట్టుకోకుండా ఈ పని చేయకూడదు.

ఘటన జరిగిన రోజు, వార్త లోకానికి తెలిసిన రోజు, అది మన ఊరు చేరిన రోజు వేర్వేరుగా ఉంటాయి. టెన్జింగ్, హిల్లరీ ఎవరెస్టు ఎక్కింది మే 29న అయితే, ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది జూన్ 2న. సినిమాలకూ ఇదే వర్తిస్తుంది. అక్కినేని, సావిత్రి నటించిన ‘దేవదాసు’ జూన్ 26న విడుదలైందని రాయవచ్చు గానీ, అదే రోజు మన తాలూకా టూరింగ్ టాకీసులో ఆడిందని ఆధారం లేకుండా రాయకూడదు. అప్పటి కరపత్రమో, తేదీ వేసి ఉంచిన పాటల పుస్తకమో దొరికితే దాన్ని పదిలంగా ఫొటో తీసి పెట్టుకోవాలి.

జిల్లా సరిహద్దులను కూడా ఆనాటివిగానే చూడాలి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆ అక్టోబరు దాకా బళ్లారి జిల్లావి. మార్కాపురం, గిద్దలూరు మాత్రం అప్పట్లో కర్నూలు జిల్లాలోనే ఉండేవి. కాబట్టి ఆదోనిలో వేసవిలో జరిగినదాన్ని కర్నూలు జిల్లా వార్తగా చూపడం పొరపాటు.

పెద్దలను అడిగేటప్పుడు సంవత్సరం అంకె చెప్పి ప్రయోజనం లేదు. “అవ్వా, కర్నూలుకు రాజధాని వచ్చిన ఏడు నువ్వు యాడుంటివి? డేరాలు చూస్తివా?” అని అడిగితే జ్ఞాపకం కదులుతుంది. చెప్పినది చెప్పినట్టే, వారి మాటల్లోనే రాసుకుని, అప్పటి ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ సంచికలతో పోల్చాలి. రెండూ కలవకపోతే ఏదీ కొట్టివేయకుండా, ఏది ఎవరి మాటో తెలిసేలా పక్కపక్కనే ఇవ్వాలి.