రామప్ప దారిలో బండి ఆగితేనే ఊరికి ఆదాయం

రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. వరంగల్ నుంచి బండ్లు వస్తాయి, గుడి చూసుకుని అదే దారిన వెళ్లిపోతాయి. గుర్తింపు జనాన్ని రప్పిస్తుంది, వాళ్లను నడుమ ఊళ్లలో ఆపే పని మాత్రం ఆ ఊళ్లే చేసుకోవాలి.

అమెరికాలో సుందర, చారిత్రక రహదారులకు 1991 నుంచి జాతీయ పథకం ఉంది. గుర్తింపు కావాలంటే ఆ దారిని ఎట్లా కాపాడతారో, జనానికి ఏం చూపిస్తారో స్థానికులు ప్రణాళిక రాసి ఇవ్వాలి. మన దగ్గర అలాంటి చట్టం లేదు. అయినా ప్రణాళిక రాసుకుని గ్రామసభలో తీర్మానం చేయడానికి ఏ అడ్డూ లేదు. కలెక్టర్‌కో, పర్యాటక శాఖకో అర్జీ పెట్టేటప్పుడు అదే బలం.

ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. ములుగు మీదుగా వచ్చేది 163వ జాతీయ రహదారి. దాని స్థలంలో అనుమతి లేకుండా డబ్బా పెట్టినా, బోర్డు పాతినా 2002 నాటి చట్టం కింద తీసేస్తారు. రహదారి దిగాక వచ్చే రోడ్డు ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్‌దా అన్నది అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. చాలా అర్జీలు తప్పు ఆఫీసుకు పోయి అక్కడే పడి ఉంటాయి.

తర్వాత బైక్ మీద మెల్లగా రెండు వైపులా తిరిగి చెరువు కట్టలు, పాత గుళ్లు, పెద్ద చింతచెట్లు కిలోమీటరు రాయి లెక్కన రాసుకోండి. పోయేటప్పుడు కనబడని చెరువు వచ్చేటప్పుడు కనబడుతుంది. ఆదివారం ఒకటి, మామూలు రోజు ఒకటి, పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా బండ్లు లెక్కపెట్టండి. మేడారం జాతర రోజుల లెక్క ఇందులో కలపొద్దు. రెండేళ్లకోసారి వచ్చే రద్దీని నమ్మి షెడ్లు కడితే మిగతా రోజులు ఖాళీగానే ఉంటాయి.

బండి ఆపే చోటు మలుపులో ఉండొద్దు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. డ్రైవర్‌కు పది సెకన్ల వ్యవధి కావాలంటే బోర్డు 170 మీటర్ల ముందే ఉండాలి. నీడ, నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే కుటుంబాలు ఆగుతాయి. మరుగుదొడ్డి కట్టడం తేలిక, నడపడమే కష్టం. ఊడ్చే మనిషి జీతం పార్కింగ్ రుసుము నుంచి ఇస్తామని తీర్మానంలోనే రాయండి, లేకపోతే కొన్నాళ్లకే తాళం పడుతుంది.

అమ్మకం మహిళా సంఘాలకు ఇవ్వండి. గిన్నెకు అంటించిన సర్వపిండి వేళ్లతో చేసిన బొక్కల్లో నూనె పోసుకుని చిటపటలాడుతూ ఎర్రబడుతుంటే, ఆ వాసనకే జనం దిగుతారు. కానీ ఒక్కో గిన్నె కాలడానికి సమయం పడుతుంది, కాబట్టి నాలుగు గిన్నెలు, కలిపి ఉంచిన పిండి తప్పనిసరి. ఇంటికి పట్టుకుపోవడానికి సకినాలు, చపాటా రకం మిర్చి కారం, వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలు పెట్టండి.

గుడి దగ్గర దుకాణం కట్టాలనుకోవడం పెద్ద పొరపాటు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతి కావాలి. తాడ్వాయి, ఏటూరునాగారం వైపైతే గిరిజన ప్రాంతాల భూములను కాపాడే 1/70 చట్టం ఉంది, గిరిజనేతరుల పేరుమీద భూమి మారదు. మిగతా చోట్ల రోడ్డు పక్క జాగాలను బయటివాళ్లు ముందే కొనేస్తారు. అందుకే పంచాయతీ స్థలాన్ని అమ్మకుండా ఏడాది లీజుకే, అదీ ఊరివాళ్లకే ఇవ్వండి.

రోడ్డు వెడల్పు పనులు రాకముందే చెట్లకు నంబర్లు వేసి జాబితా అటవీ శాఖకు ఇవ్వండి. కొట్టేశాక మొక్కలు నాటినా ఆ నీడ మళ్లీ ఒక తరానికి గానీ రాదు. ఆరు నెలలకోసారి అవే రెండు రోజుల లెక్క తీయండి. ఈసారి పోయే బండ్లను కాకుండా ఆగిన బండ్లను లెక్కపెట్టండి.