గేమ్ బ్యాక్‌గ్రౌండ్లన్నీ ఒకే చేతి బొమ్మల్లా ఉండాలంటే

ముందు ఒక్క సీన్‌ను పూర్తిగా ముగించండి. మిగతావాటికి అదే కొలబద్ద. అందులోంచి 12 నుంచి 16 రంగులు తీసి పాలెట్‌గా సేవ్ చేసుకోండి. బ్రష్‌లు మూడు చాలు. గీత మందం కాన్వాస్ సైజుతో కలిపి రాసిపెట్టుకోండి: 1920×1080లో 4 పిక్సెళ్లయితే 3840×2160లో 8 కావాలి. చాలామంది తప్పేది ఇక్కడే. ఒక సీన్‌లోని చెట్టును పెద్దది చేసి ఇంకోదాంట్లో అతికిస్తే దాని గీతలూ లావెక్కి, పక్కనున్న ఇంటితో పొసగదు. మళ్లీ గీయడమే మేలు.

రాత్రి సీన్‌కి కొత్త పాలెట్ వద్దు. అవే రంగులపై మల్టిప్లై లేయర్‌లో (కింది రంగులను ముదురు చేసే పొరలో) నీలం వేసి, దీపాల వెలుగు విడిగా పైన పెట్టండి. నీడల్లో నలుపు కలిపితే బురదబురదగా కనిపిస్తుంది.

సీన్లన్నీ థంబ్‌నెయిళ్లుగా పక్కపక్కన పేర్చి, గ్రేస్కేల్‌లో, అంటే రంగులు తీసేసి నలుపు తెలుపుల్లో చూడండి. దూరపు కొండలు ఒకదాంట్లో లేతగా, ఇంకోదాంట్లో ముదురుగా ఉంటే ఇట్టే దొరికిపోతాయి.