సముద్రంలోని గాలిమరను డ్రోన్‌తో తనిఖీ చేయడం ఎలా?

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ తీరానికి 89 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో ఉన్న హార్న్‌సీ 2 పవన విద్యుత్ కేంద్రంలో 165 గాలిమరలున్నాయి. ఒక్కో రెక్క పొడవు 81 మీటర్లు.

ముందు టర్బైన్ ఆపించి, ఎవరూ దూరం నుంచి మళ్లీ తిప్పకుండా కంట్రోల్ రూమ్‌తో ఖరారు చేసుకోండి. గాలి సెకనుకు 10 మీటర్లు దాటితే ఎగరేయకపోవడమే మేలు.

డ్రోన్‌ను పడవ మీంచే ఎగరేయాలి, అసలు చిక్కు దాంతోనే. పడవ ఇనుప డెక్ డ్రోన్ దిక్సూచిని తప్పుదోవ పట్టిస్తుంది కాబట్టి క్యాలిబ్రేషన్ (దిక్సూచిని సరిచేయడం) ఒడ్డునే ముగించండి. పడవ కదులుతుంటుంది, డ్రోన్‌ను బయల్దేరిన చోటికి దానంతటదే రప్పించే ‘రిటర్న్ టు హోమ్’ పాత చోటునే గుర్తుపెట్టుకుంటే డ్రోన్ నేరుగా నీళ్లలో దిగుతుంది. హోమ్ పాయింట్ పడవతోపాటే కదిలేలా సెట్ చేయండి.

రెక్కకు సుమారు 8 మీటర్ల ఎడంగా ఉండి ముందంచు, వెనకంచు, రెండు ముఖాలు, అంటే నాలుగు వైపులా తీయాలి. పక్కపక్క ఫొటోలు 30 శాతమైనా ఒకదానిపై ఒకటి పడాలి. ఫొటోలో ఒక్కో పిక్సెల్‌లో పట్టే రెక్క భాగం 1 మిల్లీమీటరు మించకూడదు. ఎండలో తెల్ల రెక్క ఫొటోలో మరీ తెల్లగా వచ్చి సన్న పగుళ్లు కనబడవు. కెమెరా ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుతురు) కాస్త తగ్గించండి. లెన్స్ మీద ఉప్పు తుంపరను డ్రోన్ దిగిన ప్రతిసారీ మంచినీటి తడిగుడ్డతో తుడవండి.

కొన వైపు మూడో వంతులో ముందంచును నిదానంగా చూడండి. పూర్తి వేగంలో కొన సెకనుకు 80 మీటర్లకు పైగా వేగంతో వానచుక్కలను గుద్దుతుంది. ముందు పూత, తర్వాత ఫిల్లర్, ఆపై గ్లాస్ ఫైబర్ పోతాయి. పిడుగు గ్రాహకం (పిడుగును అందుకునే లోహపు ముక్క) చుట్టూ మసి కనిపిస్తే దగ్గరి ఫొటో తీయండి. దాన్నుంచి రెక్క లోపల వెళ్లే తీగ తెగిందేమో ఫొటో చెప్పదు, తీగ విద్యుత్ నిరోధాన్ని (రెసిస్టెన్స్) కొలవాల్సిందే.

నీటి అడుగు భాగాన్ని చూడటానికి ఆర్‌ఓవీని (కేబుల్‌తో పైనుంచి నడిపే నీటి అడుగు రోబోను) పోటు, ఆటుల మధ్య ప్రవాహం నెమ్మదించినప్పుడే దించండి. లేకుంటే కేబుల్ స్తంభానికి చుట్టుకుంటుంది.