వృషణాల క్యాన్సర్‌కి కీమో, ఆపరేషన్ రెండూ పడబోతుంటే ముందే చూసుకోవాల్సినవి

మన నెల్లూరు, ఒంగోలు వైపు కుర్రోళ్ళకి వృషణంలో గడ్డొస్తే సిగ్గుతో ఎవరికీ చెప్పరు, చెప్పినా వరిబీజం అనుకుని ఆర్ఎంపీ దగ్గర నెలలు లాగేస్తారు, నొప్పి లేదు గదా అని, ఈలోపు అది కడుపులో గ్రంథులకో ఊపిరితిత్తులకో పాకిపోద్ది. అయినా భయపడబాకండి, ముదిరినా చాలామందికి నయమయ్యే క్యాన్సర్ ఇది, 1974లో అమెరికాలో ఐన్‌హార్న్ అనే డాక్టరు గారు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కలిపి ఇచ్చిన కాడ్నించి పరిస్థితే మారిపోయింది. కాకపోతే వైద్యం సగంలో ఆపకూడదు.

ఆ వృషణాన్ని గజ్జల్లో కోసి తీస్తారు. ఎవరైనా కింద సంచిలో సూది గుచ్చి చూస్తామంటే ఒప్పుకోబాకండి. కీమో మొదలవకముందే, తర్వాత పిల్లల కోసం వీర్యం దాపెట్టించుకోవాలి, పెళ్ళికాని అబ్బాయైతే అమ్మానాన్నే ఈ మాట ఎత్తాలి, వాడంతట వాడు అడగలేడు.

కీమో 21 రోజులకోసారి, మామూలుగా మూడు నాలుగు సైకిల్స్. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద పడుద్ది, అందుకే సెలైన్లు బాగా ఎక్కిస్తారు. రోహిణి కార్తె ఎండల్లో వాంతులై నీళ్ళు తాగలేకపోతే ఇంట్లో ఉండబాకండి, ఆసుపత్రికి పోండి. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినోళ్ళు, ఇంట్లో కిడ్నీ జబ్బులున్నోళ్ళు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) ఎంతుందో అడగండి. చెవుల్లో హోరు, వేళ్ళు తిమ్మిర్లు వచ్చినా దాచొద్దు. అన్నిటికంటే ముఖ్యం జ్వరం, 100.4 ఫారెన్‌హీట్ చూపించిందంటే డోలో వేసుకుని తెల్లారిందాకా చూద్దాం అనుకోబాకండి, తెల్లకణాలు పడిపోయున్నప్పుడు ఆ ఒక్క రాత్రే ప్రాణం మీదికి తెస్తది, అర్ధరాత్రైనా ఆటో మాట్లాడుకుని ఎమర్జెన్సీకి పోవాల్సిందే.

కీమో అయ్యాక మనిషి తేరుకుంటాడు, మార్కర్లు (రక్తంలో ఈ క్యాన్సర్ జాడ చూపే పరీక్షలు) నార్మల్‌కొస్తాయి, ఇంకా కోత ఎందుకులే అంటారు బంధువులు. అక్కడే చాలామంది ఆగిపోతారు. ఈ క్యాన్సర్లో సెమినోమా, నాన్‌సెమినోమా అని రెండు రకాలు. నాన్‌సెమినోమా అయ్యి, కడుపులో సెంటీమీటరు దాటిన గడ్డ మిగిలుంటే తీయించుకోవాలి, అందులో టెరటోమా అనే రకం కణితి ఉంటే కీమోకి కరగదు, తర్వాత పెరుగుద్ది. సెమినోమాకి లెక్క వేరు, అందుకే తీసిన వృషణం బయాప్సీ రిపోర్టులో ఏ రకం అని రాశారో అడిగి తెలుసుకోండి. ఇది పెద్ద ఆపరేషన్, రక్తనాళాల పక్కన చేసేది, చెన్నైలోనో వేలూరులోనో ఇట్టాంటివి తరచుగా చేసే డాక్టరు చేతే చేయించుకోండి. వీర్యం బయటికి రాకుండా పోయే అవకాశం కూడా ఉంది, ముందే మాట్లాడుకోండి.

ఇంకోటి, కీమోలో బ్లియోమైసిన్ అనే మందు పడ్డోళ్ళు బీడీ సిగరెట్లు పూర్తిగా మానేయాలి. ఫైలు అట్ట మీద ఆ మందు పేరు లావు పెన్నుతో రాసి, ఏ ఆపరేషన్‌కి పోయినా మత్తు డాక్టరుకి చూపించండి, ఆక్సిజన్ ఎక్కువిస్తే ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు, అది ఏళ్ళ తర్వాతైనా సరే.