గోడ బొమ్మను కాపాడాలంటే ముందు గోడ సంగతి చూడండి

వీధిలో అందరూ కలిసి వేసిన గోడ బొమ్మ పాతబడగానే మనవాళ్లకు మొదట తట్టేది "చందాలేసుకుని మళ్లీ రంగు కొట్టిద్దాం" అన్న మాటే. కాస్త ఆగండి. మళ్లీ కొట్టిస్తే మీకు మిగిలేది కొత్త బొమ్మ, పాతది దాని కింద పోయినట్టే. పాతది నిలబడాలంటే పని చాలావరకు గోడ దగ్గర, కాగితం దగ్గర ఉంటుంది, బ్రష్షు పని చివర్లో కొంచెమే. నేను అనంతపురం లెక్కలో చెప్తున్నా, కర్నూలు, కడపలకూ దాదాపు ఇదే సరిపోతుంది.

గోడను ముట్టుకోకముందే దాని చరిత్ర రాసుకోండి. గీతలు ఎవరు గీశారు, రంగులు ఎవరెవరు నింపారు, డబ్బాలకు డబ్బులెవరిచ్చారు, గోడ ఎవరిది, ఆ మూలన పంచె కట్టుకున్న పెద్దాయన బొమ్మ ఎవరిది. అవ్వల్ని, అన్నల్ని విడివిడిగా అడగండి. అందర్నీ ఒక్కచోట కూర్చోబెడితే గొంతు పెద్దగా ఉన్నాయన చెప్పిందే చరిత్ర అయిపోతుంది. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాయండి, పంచాయితీ పెట్టొద్దు. అప్పట్లో పిల్లలుగా ఉండి కింది వరసలో ఆకులకు రంగేసినవాళ్లు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగాల్లో ఉంటారు, వాళ్లను వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమనండి. ఇక పాత ఫొటోలు. బొమ్మ కోసమని ఎవరూ తీసి ఉండరు గానీ, పీర్ల పండుగ నాడో వినాయక నిమజ్జనం నాడో పెళ్లి మెరవణిలోనో తీసిన ఫొటోల్లో వెనకాల గోడ పడే ఉంటుంది. బొమ్మ అసలు రంగులేంటో తెలిసేది వాటివల్లే.

ఇది ఉత్త చాదస్తం కాదు. షికాగోలో 1967లో నల్లజాతి కళాకారులు కలిసి ఒక భవనం గోడ మీద తమ నాయకుల్ని, సంగీతకారుల్ని చిత్రించారు, 'వాల్ ఆఫ్ రెస్పెక్ట్' అని పేరు. 1971లో ఆ భవనంలో మంటలు వచ్చాయి, తర్వాత కూల్చేశారు. గోడ పోయినా దాని గురించి ఇవాళ్టికీ మాట్లాడుకుంటున్నారంటే అప్పటి ఫొటోలు, వేసినవాళ్లు చెప్పిన మాటలు ఉండబట్టే. కాబట్టి మీరూ పొద్దున ఎండ నేరుగా పడని టైములో గోడకు ఎదురుగా నిలబడి, పక్కన కొలత టేపు ఆనించి, ముక్కలు ముక్కలుగా, ఒక ఫొటో అంచు పక్క ఫొటోలోకి కొంచెం వచ్చేలా తీయండి. ఏటా వానలయ్యాక అదే చోట నిలబడి మళ్లీ తీయండి.

ఇప్పుడు గోడ. మా వైపు ఎండలకు తప్పంతా ఎండ మీదికి తోసేస్తాం గానీ, ఎండ రంగును వెలిసిపోయేట్టు చేస్తుంది, పెచ్చులూడగొట్టేది ఎక్కువగా చెమ్మ. కింద రెండు మూడడుగుల్లో తెల్లగా ఉప్పు పూస్తోందంటే నేలలోని నీళ్లు గోడలోకి ఎక్కి, పైపొర దగ్గర ఆరిపోతూ ఉప్పును అక్కడే వదిలేస్తున్నాయన్నమాట, ఆ ఉప్పు పేరుకునే కొద్దీ లోపల్నుంచి రంగును తోసేస్తుంది. ఒక పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలి వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోదే. అప్పుడు వెతకాల్సింది రంగుల షాపు కాదు, పక్కనున్న కాలువ, వెనక కారే ట్యాంకు, గోడకు ఆనించి పోసిన మట్టి. అన్నట్టు, గోడ వారన ఒంటికి పోసే మహానుభావుల వల్ల కూడా అడుగున ఇదే జరుగుతుంది. దేవుడి టైల్స్ అంటిద్దామంటారు కొందరు, బొమ్మ మీదే టైల్స్ అంటిస్తే ఇక కాపాడేదేముంది? అక్కడ ఒక లైటు పెట్టించండి చాలు.

కడగడం దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. ముందు వేలితో రుద్ది చూడండి, రంగు పొడిలా అంటుకుంటే నీళ్లు అసలు తాకించొద్దు, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి ఊరుకోండి. అంటకపోతే తడి గుడ్డతో తుడవొచ్చు, కానీ మన బోరు నీళ్లతో కాదు. బకెట్ల మీద తెల్ల చార కట్టే నీళ్లు గోడ మీదా అదే కడతాయి, క్యాను నీళ్లు తెచ్చుకోండి. సర్ఫ్, బ్లీచింగ్, బైకులు కడిగే ప్రెషర్ పంపు వద్దే వద్దు. మైదా జిగురుతో అంటించిన పోస్టర్‌ను గోరువెచ్చని నీళ్లతో తడిపి నానబెట్టి మెల్లగా లాగాలి, కత్తితో గీకితే ముఖం కూడా ఊడొస్తుంది.

రంగు పోయిన చోట మాత్రమే, పోయినంత మేరే నింపండి, చుట్టూ ఉన్న పాత రంగు మీదికి పోవద్దు. ఊడిన చోట కొత్తగా సిమెంటు పూస్తే అది బాగా ఆరడానికి నాలుగు వారాలన్నా ఇవ్వండి. బయటి గోడలకు వాడే ఎక్స్‌టీరియర్ ఎమల్షనే తీసుకోండి, చవకని డిస్టెంపర్ వేస్తే రెండు వానలకు కారిపోతుంది. రెడ్ ఆక్సైడ్, పసుపు ఆక్సైడ్ లాంటివి ఎండకు తట్టుకుంటాయి. మెరిసే గులాబీ, ఊదా రంగులు ముందు పోతాయి. కలిపిన రంగు ఆరాక ముదురుగా కనిపిస్తుంది, అందుకే ఒక అట్టముక్క మీద పూసి మర్నాడు గోడ పక్కన పెట్టి చూడండి. పైన వార్నిష్ కొడితే నిగనిగలాడుతుందని ఆశపడతారు, చెమ్మ ఉన్న గోడకు కొట్టారంటే నీరు బయటికి పోలేక బొబ్బలు లేస్తుంది. ఈ పనంతా డిసెంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. మాకు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వానలెక్కువ, గోడ ఆరడానికి టైం కావాలి. మేలో అయితే బ్రష్షు మీదే రంగు ఎండిపోతుంది.

వీలైతే పైన చిన్న సజ్జ వేయించండి. లేపాక్షిలో 16వ శతాబ్దపు బొమ్మలు ఇంకా చూడగలుగుతున్నామంటే అవి వీరభద్రాలయం పైకప్పు లోపలి వైపు, ఎండా వానా తగలని చోట ఉండటం పెద్ద కారణం.

చివరగా కాగితాలు. గోడ సొంతదారు నుంచి, సర్కారు గోడైతే మున్సిపాలిటీ నుంచి రాతపూర్వక అనుమతి ఉంచుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కింద కళాకారుడికి తన పనిని చెడగొట్టకుండా అడ్డుకునే హక్కుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో సర్కారు ఊడబీకేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయనకు 5 లక్షల పరిహారం ఇప్పించింది. ఆ హక్కు మీరు బాగుచేసేటప్పుడూ వర్తిస్తుంది, అందుకే పాత బొమ్మ వేసినవాళ్లను అడగకుండా ముఖాలు మార్చొద్దు, కింద స్పాన్సర్ పేరు అసలే ఇరికించొద్దు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే సర్కారు గోడల మీది రాతలన్నీ 24 గంటల్లో తీసేయాలని రూలుంది, ఆ హడావుడిలో మీ బొమ్మ కూడా సున్నం కింద పోవచ్చు. ఇది పార్టీల రాత కాదని ఫొటోతో సహా మున్సిపల్ కమిషనర్‌కు ముందే అర్జీ ఇచ్చి, రసీదు కాపీ ఆ గోడకు దగ్గరున్న అంగడాయనకు ఇవ్వండి. సున్నం బకెట్టు వచ్చేది మీరు డ్యూటీకి పోయాకే.