నది మలుపు దగ్గర వరద మోడల్: వానలకు ముందే చూసుకోవాల్సినవి

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వచ్చిందంటే ఇక ఫోన్లు ఆగవు, "సార్, మా ఊళ్లోకి ఎంతదాకా వస్తుంది" అని అడిగేవాళ్లే అందరూ, అప్పుడు కంప్యూటర్లో వరద మోడల్ తెరిచి మెష్ (నదిని, ఒడ్లను చిన్న చిన్న గడులుగా కోసిన వల) సరిచేసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఈ పనులు మేలోనే ముగించండి. పాపికొండల్లో లాగా నది కొండల మధ్య సన్నబడి ఒక్కసారిగా తిరిగే చోట మోడల్ చేస్తున్నవాళ్లకైతే మరీ ముఖ్యం. తిన్నగా పారే నదికి పెట్టుకున్న సెట్టింగులు అక్కడ మోసం చేస్తాయి.

మలుపులో నీటి మట్టం సమంగా ఉండదు. బస్సు మలుపు తిరిగితే మనం పక్కకి ఒరిగినట్టే నీళ్లూ బయటి ఒడ్డుకు ఎక్కుతాయి. లెక్క కాగితం మీదే తేలిపోతుంది: వేగం వర్గాన్ని నది వెడల్పుతో గుణించి, వచ్చినదాన్ని మలుపు వ్యాసార్ధంతోనూ 9.81తోనూ భాగించండి. సెకనుకు 4 మీటర్ల వేగం, 500 మీటర్ల వెడల్పు, కిలోమీటరు వ్యాసార్ధం అనుకుంటే రెండు ఒడ్ల మధ్య తేడా దాదాపు 0.8 మీటర్లు. అందులో సగం, అంటే అడుగు పైచిలుకు, సగటు మట్టం మీద బయటి గట్టుకు అదనంగా తగులుతుంది. నది పొడవునే లెక్కించే వన్-డీ మోడల్ ఈ తేడా చూపించదు, దానికి నదిని అడ్డంగా కోసిన ఒక్కో క్రాస్ సెక్షన్‌కు ఒకటే మట్టం.

పొడవూ అడ్డమూ రెండూ లెక్కించే టూ-డీకి మారితే చాలనుకుంటారు కొందరు, చాలదు. హెక్-రాస్ అనే మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీరు ముట్టుకోకపోతే నడిచేది డిఫ్యూజన్ వేవ్ అనే సులువు చేసిన లెక్క, అందులో జడత్వం పదాలు ఉండవు కాబట్టి మలుపులో నీళ్లు ఒరగవు. పూర్తి మొమెంటం సమీకరణాలు ఎంచుకోండి, టైమ్ స్టెప్ (ఒక లెక్కకూ మరో లెక్కకూ మధ్య సమయం) తగ్గించండి, రన్ రాత్రంతా పట్టినా సరే. నేను ఈ తప్పు చేసినవాణ్నే. మ్యాప్‌లో రెండు ఒడ్లూ ఒకే రంగులో చక్కగా వచ్చాయి, మురిసిపోయి రిపోర్టులో పెట్టేశాను. తర్వాత ఊరికి వెళ్తే ఒక పెద్దాయన, పడవ నడిపే మనిషి, గుడి గోడ మీద పాత వరద మరక చూపించి, "ఇక్కడికి వచ్చిన రోజున అవతల రేవులో ఇంకా మూడు మెట్లు పైకే ఉన్నయ్ బాబూ" అన్నాడు. రెండు చోట్లా లెవెల్ పెట్టి కొలిస్తే ఆయన మాటే నిజం.

మెష్‌లో గట్టు వెంబడి, నది ఒడ్డు వెంబడి బ్రేక్‌లైన్లు (గడుల అంచులు తమ మీదే పడేలా చేసే గీతలు) వేయండి. గట్టు గడి మధ్యలో పడితే అది లేనట్టే, నీళ్లు అవతలికి కారిపోతాయి. నది అడ్డంగా నేనైతే పది గడులకు తగ్గించను. ఇంకో సంగతి, వన్-డీలో మలుపుల కోసం మ్యానింగ్ విలువను (నది గరుకుదనం చెప్పే అంకెను) 1.15తోనో 1.3తోనో గుణించి పెంచే అలవాటు ఉంటుంది. టూ-డీ మలుపులో నీళ్ల శక్తికి కలిగే ఆ నష్టంలో చాలా భాగం తానే లెక్కిస్తుంది, మళ్లీ పెంచితే రెండుసార్లు లెక్కేసినట్టు.

ఎస్సార్టీఎం (అంతరిక్షం నుంచి కొలిచిన) భూమట్టాలు దించుకుని వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అవి 2000 ఫిబ్రవరిలో రాడార్ తీసినవి, రాడార్‌కు నీటి పైభాగమే తెలుసు, అడుగు తెలియదు. మలుపులో బయటి ఒడ్డు కింద ఉండే లోతైన మడుగు అందులో లేనే లేదు. పడవ మీద ఎకో సౌండర్‌తో కొలిచి అతికించండి, అదీ నీళ్లు తగ్గి ఉన్న వేసవిలోనే.

క్యూసెక్కు (సెకనుకు ఘనపుటడుగు), క్యూమెక్కు (సెకనుకు ఘన మీటరు) కలిపేయకండి, తప్పు 35 రెట్లు. భద్రాచలం మూడు హెచ్చరికల 43, 48, 53 కూడా గేజీ (అక్కడి కొలబద్ద) అడుగులు, సముద్ర మట్టం నుంచి కావు. 1986లో 75.6 అడుగులు వచ్చిన వరద మరకలతో పాపికొండల మోడల్ సరిపోల్చాలంటే అప్పటి నదినే మోడల్ చేయాలి. 2021 జూన్ నుంచి గోదావరి పాపికొండలకు దిగువన ఉన్న పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వే మీదుగా పోతోంది, మోడల్ కింది చివర ఇచ్చే హద్దు మారిపోయింది. ఆ హద్దును మలుపుకు దగ్గరగా పెట్టి నార్మల్ డెప్త్ (నది వాలును బట్టి లెక్కించే లోతు) ఇచ్చేస్తే సరిపోదు, బాగా కిందికి జరపండి.

ఇంత చేసినా టూ-డీ చెప్పనిది ఒకటుంది. మలుపులో పైనీళ్లు బయటి ఒడ్డుకు కొట్టి కిందికి దిగుతాయి, అడుగునీళ్లు ఇసుక మోసుకుని లోపలి ఒడ్డుకు వస్తాయి, అందుకే ఒకవైపు కోత, ఒకవైపు మేట. లోతంతా సగటు చేసిన వేగంలో ఈ మెలిక కనబడదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన సంగతి మనందరికీ తెలుసు. మీ వేగాల మ్యాప్‌లో ఆకుపచ్చగా ఉంది కదా అని పడవలు వెళ్లొచ్చని ఎవరికీ రాసివ్వకండి. అలాంటి చోట త్రీ-డీ చేయించండి, లేదా మాకు తెలియదని రాయండి.

ఇక వరద తీస్తున్నప్పుడు కొలతలకు వెళ్లేవాళ్లు బయటి ఒడ్డు అంచున ట్రైపాడ్ పెట్టకండి. నీళ్లు చప్పున దిగితే తడిసిన గట్టుకు ఆనుడు పోయి పెళ్లలు పెళ్లలుగా జారుతుంది. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, కింద మన్ను ఎప్పుడో పోయి ఉంటుంది. ఒడ్డుకు సమాంతరంగా సన్నని పగులు కనబడిందా, పరికరం సంగతి తర్వాత, ముందు మీరు వెనక్కి రండి.